ఎక్కడ నిలబడి అడిగారు?

సంక్రాంతికి కంకిపాడు వచ్చాను. భోగి నాడు సాయంత్రం మా పిన్ని కొడుకు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎంబీఏ రెండో ఏడు చదువుతున్నాడు. కూచిపూడి చూడ్డానికొచ్చేవాళ్ల సంతృప్తి మీద సర్వే చేశాడు. పండగ వెళ్లిన సోమవారం ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేయాలి. "అక్కా, ఒక్క ఐదు నిమిషాలు" అంటూ అరుగు మీద కూలబడ్డాడు. అమ్మ అరిసెల పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది.

వాడి సమస్య చిన్నదే. నింపించిన ఫారాల్లో నాలుగు దారికి రావడం లేదు. ఆ నాలుగు వరసలూ ఉంచితే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 కిందే ఉండిపోతోంది. తీసేస్తే దాటుతోంది. ఈ ఆల్ఫా 1951లో లీ క్రోన్‌బాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన కొలత. ఒకే సంగతి గురించి నాలుగైదు ప్రశ్నలు అడిగినప్పుడు ఆ జవాబుల మధ్య పొంతన ఎంతుందో చెబుతుంది. 0.7 దాటితే గట్టెక్కినట్టే అని ప్రాజెక్టులు చేసే పిల్లలందరికీ నోటికొచ్చు. ఎందుకు 0.7 అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు.

"నాలుగే కదక్కా. తీసేయనా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. హైదరాబాదులో నా ఉద్యోగమే ఇది. ఏ వరస ఉంచాలో ఏ వరస తీసేయాలో తేల్చడం. నిమిషంలో చెప్పగలిగిన జవాబు నా దగ్గరుంది. కానీ 'తీసేయనా' అనే ఇదే మాట కొన్నేళ్ల కిందట నేను కూడా ఒకర్ని అడిగాను. తీసేయమన్నారు. తీసేశాను. అలా తీసేసిన వరసల గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నన్ను అప్పటినుంచీ వదలని ప్రశ్న ఇది: ఒక్క అబద్ధపు అంకె కూడా లేని నివేదిక అబద్ధమాడగలదా? ఆడితే, అది ఎవరి తప్పు?

*

2018 కార్తీక మాసం. నాదీ ఎంబీఏ ప్రాజెక్టే, పర్యాటకుల సంతృప్తే. విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర, భవానీ ద్వీపానికి పడవలెక్కే చోట నాలుగు ఆదివారాలు నిలబడ్డాను. పొద్దున్నే కంకిపాడులో బందరు బస్సు పట్టుకుని బెంజి సర్కిల్లో దిగి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. చేతిలో అట్ట, అట్టకి ఫారాలు, దారం కట్టిన పెన్ను. బ్యారేజీకి ఎగువన నది నిండుగా ఉంటుంది. వనభోజనాల సీజను కాబట్టి జనం కూడా నిండుగానే ఉన్నారు.

ఫారంలో ప్రతి వాక్యానికీ ఎదురుగా ఐదు గళ్లు. 'పూర్తిగా అంగీకరిస్తాను' దగ్గర మొదలై 'అసలు అంగీకరించను' దాకా. 1932లో రెన్సిస్ లికర్ట్ ప్రతిపాదించిన పద్ధతి. ప్రపంచమంతా వాడుతున్నారు. ఇబ్బందల్లా ఏమిటంటే మనవాళ్లు ఐదు గళ్లలో మాట్లాడరు. "మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, అంగీకరిస్తారా?" అని అడిగితే "ఆఁ, బానే ఉన్నాయి" అంటారు. మా కృష్ణా జిల్లాలో "బానే ఉంది" అనే మాటకి కనీసం నాలుగు అర్థాలున్నాయి. 'బా' సాగదీసి అంటే నిజంగానే బావుందని. 'నే' మీద ఒత్తితే ఏదో సర్దుకుపోయామని. తల పక్కకి తిప్పి అంటే నన్ను వదిలెయ్యమ్మా అని. "బానే ఉంది గానీ" అంటే అసలు సంగతి ఇప్పుడు మొదలవబోతోందని. ఈ నాలుగింటికీ నా ఫారంలో ఉన్న గడి ఒకటే: 4. సాయంత్రానికి చేతినిండా నాలుగులు. ఇంటికొచ్చి ఎక్సెల్‌లో సగటు తీస్తే దశాంశ బిందువు తర్వాత రెండు స్థానాల దాకా వచ్చేది. మనిషి గొంతులో ఉన్న అనుమానం ఆ రెండు స్థానాల్లో ఎక్కడా కనిపించేది కాదు.

దీన్ని నేను నైతిక సమస్య అనను. ఏ కొలతైనా కొంత వదిలేసే కొలుస్తుంది. బియ్యం మానికతో కొలిచేటప్పుడు ఎన్ని మానికలో తెలుస్తుంది, పాతబియ్యమో కొత్తబియ్యమో తెలీదు. అందుకని మానికని తప్పు పట్టం. నా తప్పు వేరే చోట ఉంది.

ఫారంలో మూడో ప్రశ్న: "ఈరోజు మీరు బోటు ఎక్కారా?" లేదు అంటే తర్వాత వచ్చే భద్రత ప్రశ్నలన్నీ వదిలేసి చివరి పేజీకి వెళ్లిపోవాలి. ఫిల్టర్ ప్రశ్న అంటారు. బోటు ఎక్కనివాళ్లని లైఫ్ జాకెట్ గురించి అడిగి ఏం లాభం? కానీ మొదటి ఆదివారం నాకంత తెలివి లేక గట్టు మీద కూర్చున్నవాళ్లని కూడా అన్నీ అడిగేశాను. ఆ తర్వాతి ఆదివారాలు తెలిసే అడిగాను. అలా అడగడానికి కారణమైన మనిషి ఒకావిడ.

ఆవిడ గురించి చెప్పేముందు దానికి ఏడాది ముందు జరిగింది చెప్పాలి. 2017 నవంబరు 12. అది కూడా కార్తీక మాసంలో ఆదివారమే. భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమం వైపు పర్యాటకులతో వెళ్తున్న పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తా పడింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ఆపలేదు. మర్నాడు బస్సులో కూడా అదే మాట.

గట్టు మీద కూర్చున్నావిడకి యాభై దాటి ఉంటాయి. చుట్టూ సంచులు, ఒళ్లో పులిహోర డబ్బా. "మా పిల్లలంతా వెళ్లారమ్మా. నేను ఎక్కను" అంది. ఏ ఊరండీ అంటే ఒంగోలు దగ్గర అంది. నేను ఇంకేమీ అడగలేదు. ఆవిడే అడిగింది: "ఎక్కనివాళ్లని కూడా రాసుకుంటారా?"

"రాసుకుంటామండీ" అన్నాను.

భద్రత గళ్లన్నిట్లోనూ 1 పెట్టించింది. పెన్ను తిరిగిచ్చేటప్పుడు నది వైపే చూస్తూ "వాళ్లు దిగేదాకా నాకింక వేరే పని లేదుగా" అంది.

నాలుగు ఆదివారాల్లో ఎక్కకుండా ఉండిపోయినవాళ్లు పంతొమ్మిది మంది దొరికారు. అందరూ భయపడి ఆగినవాళ్లు కాదు. ఒకాయనకి టికెట్ డబ్బులు దండగనిపించింది. ఒకమ్మాయికి నీళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయట. కానీ సగానికి పైగా ఏదో ఒక రూపంలో పోయినేడాది సంగతి ఎత్తారు.

మా గైడ్ మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి. ఫారాలన్నీ చూసి, ఈ పంతొమ్మిదీ పక్కన పెట్టి, "సర్వీసు వాడనివాళ్లు సర్వీసు గురించి ఎలా చెప్తారమ్మా?" అన్నారు. తీసేయమంటారా సార్ అని అడిగాను. "తీసేయమ్మా" అన్నారు. పద్ధతి ప్రకారం ఆయన మాట కరెక్టే. తీసేశాను. భద్రత సగటు పెరిగింది. రిపోర్టు నాలుగో అధ్యాయంలో "సందర్శకులు భద్రతా ఏర్పాట్ల పట్ల సంతృప్తిగా ఉన్నారు" అని రాశాను. మంచి మార్కులొచ్చాయి.

ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పడవెక్కి, తిరిగొచ్చి, దిగి, ఎండలో నా ముందు ఆగినవాళ్లంతా సంతృప్తిగానే ఉన్నారు. ఎక్కడానికి ధైర్యం చాలనివాళ్లు లెక్కలో లేరు. తిరిగి రానివాళ్లు ఎలాగూ ఏ సర్వేలోనూ ఉండరు. 2017 నవంబరు 12న ఆ ఘాట్‌లో ఎవరైనా నాలాగే అట్ట పట్టుకుని నిలబడి ఉంటే, ఆ రోజు కూడా ఒడ్డుకి వచ్చినవాళ్ల సగటు బానే వచ్చి ఉండేది.

ధర్మరాజు అశ్వత్థామ చచ్చాడని గట్టిగా చెప్పి, ఏనుగన్న మాట నోట్లోనే అనుకున్నాడు. ఆయన కూడా అబద్ధమాడలేదు. చనిపోయింది అశ్వత్థామే, ఏనుగు అశ్వత్థామ. ఆ ఒక్క మాటతో నేలకి ఎత్తున నడిచే ఆయన రథం నేల మీదికి దిగిందంటారు. ఆయన ఏనుగన్న మాటని మెల్లగానైనా అన్నాడు. నేను నా పంతొమ్మిది మందినీ ఫుట్‌నోట్‌లో కూడా అనలేదు.

*

మా నాన్న లెక్కల మనిషి కాదు. ఆ రిపోర్టు బైండింగు చేయించి తెచ్చిన రోజు ఊరికే పేజీలు తిరగేసి, "మన ఊరు లేదేంటి ఇందులో?" అన్నారు. నవ్వొచ్చింది. కంకిపాడుకి పర్యాటకులెందుకొస్తారు? బందరు రోడ్డు మీద బస్సు ఆగే ఊరు. మంగినపూడి బీచికి వెళ్లేవాళ్లు, కూచిపూడి వెళ్లేవాళ్లు, మోపిదేవి వెళ్లేవాళ్లు టీ తాగడానికి ఆగి పోతుంటారు. ఆ తర్వాత ఈ గణాంకాలు ఎలా తయారవుతాయో చదివాక, నాన్న అడిగింది అంత నవ్వులాటగా తీసేయాల్సిన ప్రశ్న కాదని తెలిసింది.

ఇప్పుడు నేను హైదరాబాదు నుంచి వచ్చి నాలుగు రోజులు అమ్మావాళ్లింట్లో ఉన్నాను కదా. నేను పర్యాటకురాలినా? అది ఎవరు, ఎక్కడ నిలబడి అడుగుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. కేంద్ర పర్యాటక శాఖ ఏటా ప్రకటించే దేశీయ పర్యాటకుల సంఖ్య రాష్ట్రాలు పంపే లెక్క. అది ప్రధానంగా హోటళ్లు, సత్రాలు వంటి బస కేంద్రాల నుంచి వస్తుంది. ఆ గుమ్మం దగ్గర నేను కనిపించను. నేను పడుకునేది మా అమ్మ పక్కన. జాతీయ నమూనా సర్వేవాళ్లు మాత్రం 2008–09లో 65వ విడతలోనూ, 2014–15లో 72వ విడతలోనూ ఇళ్ల తలుపులు కొట్టి ఎవరెవరు ఎక్కడికెళ్లి రాత్రి ఉండి వచ్చారో అడిగారు. అలా అడిగితే రాత్రి బస చేసిన ప్రయాణాల్లో అత్యధిక భాగం చుట్టాలిళ్లకి, పెళ్లిళ్లకి, పేరంటాలకి వెళ్లినవని తేలింది. ఆ గుమ్మం దగ్గర నేనున్నాను. సంక్రాంతికి బస్సుల్లో నిలబడి ఊరెళ్లే జనమంతా ఉన్నారు. కంకిపాడు కూడా ఉంది.

2000ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కొన్నేళ్లు వరసగా దేశీయ పర్యాటకుల సంఖ్యలో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. దానికి ముఖ్య కారణం తిరుమల లాంటి క్షేత్రాలకి వచ్చే భక్తులు. తలనీలాలివ్వడానికి వచ్చిన మనిషిని పర్యాటకుడంటే ఆ మనిషి ఒప్పుకుంటాడా? ఒప్పుకోనక్కర్లేదు, నిర్వచనం ఒప్పుకుంటే చాలు. ఇంకోటి చూడండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి వెళ్లింది, కంకిపాడు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. దుర్గ గుడి, భవానీ ద్వీపం ఒక్క రాత్రిలో మా జిల్లా లెక్కలోంచి బయటికి వెళ్లిపోయాయి. కొండ కదల్లేదు, నది కదల్లేదు, ఇంద్రకీలాద్రి ఎక్కేవాళ్లు ఎప్పట్లాగే ఎక్కుతున్నారు. ఇవన్నీ తెలీకుండా రెండేళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూసినవాడు కృష్ణా జిల్లాకి ఏదో విపత్తు వచ్చిందనుకుంటాడు.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. ప్రతి అంకె వెనకా ఒక గుమ్మం ఉంటుంది. దాని దగ్గర నిలబడి అడిగారు కాబట్టి ఆ అంకె వచ్చింది. గుమ్మం మారితే అంకె మారుతుంది. ఈ సంగతి తెలిశాక రెండు దారులున్నాయి. అంకెలన్నీ బూటకమే అని చేతులు దులుపుకోవచ్చు. ఈ మధ్య మనలో చాలామందికి అదే తెలివితేటలుగా కనిపిస్తోంది. రెండో దారి చూపించిన మనిషి మా వైపు బడుల్లో చదువుకున్నాయన.

*

సి. ఆర్. రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. వాళ్ల నాన్నగారి ఉద్యోగం బదిలీల వల్ల చదివిన ఊళ్లలో నూజివీడు, నందిగామ కూడా ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎమ్మే. తర్వాత కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థ. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో నూట రెండేళ్ల వయసులో పోయారు. పేపర్లలో ఆయన గురించి చాలా వచ్చింది. ఒక చిన్న సంగతి మాత్రం నాకెక్కడా కనిపించలేదు. అది పర్యాటకుల సర్వే గురించి.

1966లో మొరాకోలో పర్యాటకులు సగటున ఎన్నాళ్లు ఉంటున్నారో తెలుసుకోవాలని రెండు సర్వేలు చేశారు. ఒకటి హోటళ్లలో బస చేస్తున్నవాళ్లని అడిగి. రెండోది దేశం దాటి వెళ్లిపోతున్నవాళ్లని సరిహద్దు దగ్గర ఆపి. హోటళ్లలో అడిగిన మూడు వేలమంది సగటు 17.8 రోజులు. సరిహద్దు దగ్గర అడిగిన పన్నెండు వేల పైచిలుకు మంది సగటు 9 రోజులు. ఒకే దేశం, ఒకే పర్యాటకులు. ప్రణాళికా శాఖ అధికారులకి హోటల్ అంకె మీద అనుమానమొచ్చి దాన్ని పక్కన పడేశారు. 1978లో జి. పి. పాటిల్‌తో కలిసి రాసిన వ్యాసంలో రావు ఈ ఉదంతాన్ని తీసుకున్నారు.

ఆయన చెప్పినదాన్ని మా ఇంటి లెక్కలో చెప్తాను. మా ఇంటికి రోజూ ఇద్దరు చుట్టాలొస్తున్నారనుకోండి. ఒకరు ఒక్క రోజుండి వెళ్లిపోయే బాబాయ్, ఇంకొకరు తొమ్మిది రోజులుండే పెద్దమ్మ. వెళ్లిపోతున్నవాళ్లని వీధి గుమ్మంలో ఆపి అడిగితే సగటు ఐదు రోజులు. అదే ఏదో ఒక రోజు ఇంట్లోకి తొంగి చూస్తే? ఒక బాబాయ్, తొమ్మిది మంది పెద్దమ్మలు కనిపిస్తారు. వాళ్లని అడిగితే సగటు ఎనిమిది రోజులు దాటుతుంది. ఎక్కువ రోజులుండేవాళ్లు మన కంటపడే అవకాశం కూడా అన్ని రెట్లు ఎక్కువ. హోటల్లో జరిగింది అదే.

నన్ను ఆపేసింది దీని తర్వాతి మెట్టు. రావు హోటల్ అంకెని చెత్త అనలేదు. బస రోజులు ఒక మామూలు రకం పంపిణీలో ఉన్నాయనుకుంటే, హోటల్లో దొరికే సగటు అసలు సగటుకి సరిగ్గా రెండింతలు రావాలి. తొమ్మిదికి రెండింతలు పద్దెనిమిది. వచ్చింది 17.8. అంటే అధికారులు పారేసిన అంకె కూడా నిజమే చెబుతోంది. అది ఏ గుమ్మం దగ్గర పుట్టిందో తెలిస్తే దాన్ని సరిదిద్దుకుని వాడుకోవచ్చు.

ఇది చదివినప్పుడు నేను చేసింది ఏమిటో మొదటిసారి అర్థమైంది. అబద్ధం చెప్పడం కాదు, అది వేరే రకం తప్పు. వంకర కొలత ఇవ్వడం నేరం కాదు, కొలతలన్నీ ఎంతో కొంత వంకరే. ఆ వంకర ఎటువైపుందో నాకు తెలిసి కూడా చెప్పకుండా ఇచ్చాను. నేను ఆ పంతొమ్మిది మందినీ సగటులో కలపనక్కర్లేదు. "బోటు ఎక్కకుండా ఒడ్డున ఉండిపోయినవాళ్లని ఈ లెక్కలోంచి తీసేశాం, వాళ్లింతమంది, వాళ్లు చెప్పింది ఇది" అని రెండు వాక్యాలు రాసి ఉంటే, చదివినవాళ్లకి నా అంకెని సరిదిద్దుకునే అవకాశం ఉండేది. రాయలేదు. ఎంత తెలివైనవాడు చదివినా, ఇంకో పాతికేళ్లకి చదివినా, ఆ రిపోర్టులోంచి ఆ ఒంగోలు వైపావిడ దొరకదు. తప్పుడు అంకెని ఎప్పుడో ఎవరో పట్టుకోగలరు. మూసేసిన గుమ్మాన్ని పట్టుకోలేరు, అక్కడ గుమ్మం ఉండేదనే తెలీదు కాబట్టి.

ఇంకో తప్పు ఎవరూ చెప్పకుండానే చేశాను. ఫలితాలు చప్పగా ఉన్నాయని వయసుకి, ఆదాయానికి, ఊరికి, చదువుకి, దొరికిన ప్రతి దానికీ సంతృప్తితో ముడి పెట్టి చూశాను. ఎక్కడో ఒక చోట 0.05 కన్నా తక్కువొచ్చింది, పక్కన నక్షత్రం వెలిగింది. అసలేమీ లేని చోట కూడా ఇరవై సార్లు వెతికితే సగటున ఒకసారి ఆ నక్షత్రం దానంతటదే వెలుగుతుంది. నేను మాత్రం మొదట్నుంచీ అదే ఊహించినట్టు పరికల్పన రాసి, రుజువైందని రాశాను. ఎన్నిసార్లు వల వేశానో చెప్పకుండా చేపని మాత్రం చూపించాను. పంతొమ్మిది మంది సంగతీ ఇదీ ఒకే జాతి. రెండు చోట్లా అంకె నిజమే, దాన్ని పట్టుకున్న తీరు మాత్రం దాచాను.

*

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. మా సార్ తరఫున నేనే వాదిస్తాను.

ఒకటి, అన్నీ చెప్పుకుంటూ పోతే ఎవరూ చదవరు. అధికారికైనా, వ్యాపారికైనా కావాల్సింది ఒక్క ముక్క. ప్రతి అంకె వెనకా గుమ్మం కథ చెప్తానంటే లేచి వెళ్లిపోతారు. నా ఉద్యోగంలో రోజూ చూస్తున్నాను, స్లైడ్ మీద మూడు వాక్యాలు దాటితే ఫోన్లు బయటికొస్తాయి. రెండు, అంకెల మీద బతుకులున్నాయి. ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, పడవ నడిపేవాళ్లు ఉన్నారు. పంతొమ్మిది మంది భయాన్ని మొదటి పేజీలో పెడితే, దాని బరువు తెలీనివాడు అసలు పడవలే వద్దంటాడు. అదీ అన్యాయమే.

మూడోది నా మీద నాకే ఉన్న అనుమానం. ఆ ఒంగోలు వైపావిడ గురించి ఇక్కడ ఇంత రాశాను. పులిహోర డబ్బా రాశాను, నది వైపు చూడటం రాశాను. పడవ దిగి నవ్వుతూ ఫారాలు నింపినవాళ్లలో ఒక్కరి ముఖం కూడా రాయలేదు. వాళ్లూ మనుషులే, వాళ్ల ఆనందం కూడా నిజమే. సగటు వెనక ఒక మనిషిని దాచడం ఒక తప్పయితే, ఒక మనిషి వెనక సగటుని దాచడం ఇంకో తప్పు. రాసేవాళ్లకి, చదివేవాళ్లకి ఈ రెండోది తప్పుగా అనిపించదు, కరుణగా అనిపిస్తుంది. నిజానికి అది కూడా మనకి నచ్చిన గుమ్మం దగ్గర నిలబడటమే.

ఈ మూడింటినీ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా లెక్క మారదు. ఎందుకంటే నేను చేయాల్సింది ఆ పంతొమ్మిది మందినీ గెలిపించడం కాదు, వాళ్లున్నారని చెప్పడం. చదివేవాడికి ఓపిక లేకపోవడం వాడి సంగతి. చూడాలనుకున్నా చూడలేకుండా చేయడం నా సంగతి. "రాసుకుంటామండీ" అని ఆవిడకి చెప్పింది కూడా నేనే. సర్వేకి వెళ్లేవాళ్లు ఈ మాట రోజుకి యాభైసార్లు చెప్తారు. జవాబిచ్చిన మనిషి ఆ మాట నమ్మి పది నిమిషాలు మనకిస్తుంది. డబ్బు తీసుకోదు, పేరు అడగదు. తన మాట ఎక్కడో ఒక చోట ఉంటుందనుకుంటుంది, అంతే. ఆ ఒక్కటీ నిలబెట్టుకోలేనప్పుడు ఆల్ఫా ఎంతొస్తే ఏం?

*

ఇక మావాడి నాలుగు ఫారాలు. తీసేయాలా వద్దా అని చెప్పకుండా, "వాటిలో ఏముందో చదువు" అన్నాను. చదివాడు. నాలుగింట్లోనూ ఒకటే వరస: మరుగుదొడ్లు 1, తాగునీళ్లు 1, ఉండటానికి చోటు 1. "మళ్లీ వస్తారా" 5. "ఇతరులకి చెప్తారా" 5. ఇలాంటి జవాబులొస్తే ఆల్ఫా పడిపోక ఏమవుతుంది? ఫారం లెక్క ప్రకారం ఈ నలుగురూ చదవకుండా గీసేసినవాళ్లు.

"వీళ్లెవరో గుర్తున్నారా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, సిద్ధేంద్ర కళాపీఠం దగ్గర అడిగాననీ, ఇద్దరు పిల్లల్ని నాట్యం నేర్పించడానికి తీసుకొచ్చిన తల్లులనీ, మిగతా ఇద్దరు చిన్నప్పుడు అక్కడే నేర్చుకుని గురువుగారిని చూడ్డానికి ఏటా వచ్చేవాళ్లనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు. వాళ్లు కూచిపూడికి సౌకర్యాల కోసం రాలేదు. సౌకర్యాలు లేవని తిడుతూనే వస్తారు. అది పొంతన లేకపోవడం కాదు, ఆ ఊరికీ వాళ్లకీ ఉన్న సంబంధం. 'సంతృప్తి' అనే ఒకే సంచిలో రెండు వేర్వేరు సంగతులు కుక్కామని ఆల్ఫా చెబుతోంది. మావాడు దాన్ని నాలుగు వరసల తప్పు అనుకున్నాడు.

"అయితే ఉంచేయాలా?" అన్నాడు. ఉంచినా, వేరు చేసి చూపించినా నీ ఇష్టం, ఏం చేశావో ఎందుకు చేశావో మాత్రం రాయి అన్నాను. "రాస్తే మా సార్ ఊరుకోరక్కా." ఆ భయం నాకు తెలుసు. ధైర్యం చెప్పడానికి నా దగ్గరున్న ఉదాహరణ నాది, అదేమో ధైర్యం చేయని ఉదాహరణ. అయినా చెప్పాను. పున్నమి ఘాట్ దగ్గర్నుంచి అంతా చెప్పాను. లోపల్నుంచి అమ్మ విని, "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అంది.

వాడు సోమవారం ఏం ఇస్తాడో నాకు తెలీదు. నా పాత రిపోర్టులో నాలుగో అధ్యాయంలో ఉండాల్సిన వాక్యం మాత్రం, ఎప్పటిదో అయినా, ఇక్కడ పెడుతున్నాను:

"ఈ సగటు పడవ ఎక్కి తిరిగొచ్చిన సందర్శకులది మాత్రమే. అదే ఘాట్‌లో, అవే రోజుల్లో, పడవ ఎక్కకుండా ఒడ్డున ఉండిపోయిన పంతొమ్మిది మందిని కూడా అడిగాం. వారి జవాబులు ఇందులో కలపలేదు. వారిలో సగానికి పైగా పోయినేడాది జరిగిన ప్రమాదం గురించి తమంతట తామే ప్రస్తావించారు. భద్రత గురించి అడిగినప్పుడు ఒకరు అన్నిటికీ ఒకటి వేశారు. వారి పిల్లలు అప్పటికి నదిలో ఉన్నారు."